ఉప్పు గాలి ఊళ్లో ఏ ఇంధనపు కారు మేలు?

కారు కొనాలనుకునే విశాఖ కుటుంబాలు ఇప్పుడు మోడలు, రంగు ఎంచుకోవడానికి ముందే ఇంధనం దగ్గర ఆగిపోతున్నాయి. పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటి చాలా కాలమైంది. సీఎన్‌జీ చవక అంటారు గాని, వెనక సిలిండరు పెట్టుకుని పిల్లలను ఎక్కించడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. విద్యుత్ కారు కొందామంటే బ్యాటరీలు తగలబడుతున్న వీడియోలు ఫోనుకు వస్తూనే ఉంటాయి. ఈ భయాలలో కొన్ని నిజమైనవి, కొన్ని మాత్రం పెట్టుకోవలసిన చోట కాక వేరే చోట పెట్టుకున్నవి. బండిని నడిపించగలిగే ప్రతి ఇంధనంలోనూ ప్రమాదం దాగి ఉంటుంది. అది ఒక్కో ఇంధనంలో ఒక్కో చోట ఉంటుంది కాబట్టి, దాన్ని కనిపెట్టి ఉండటం మన వాతావరణంలో, మనం బండి నిలిపే చోట ఎంతవరకు సాధ్యమో చూసుకోవాలి. నా అభిప్రాయంలో ఈ నిర్ణయాన్ని అన్నిటికంటే ఎక్కువగా తేల్చేది కారు రాత్రిపూట ఎక్కడ నిలుస్తుందన్న సంగతే.

ముందుగా ఎల్‌పీజీ. ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఈ గ్యాసు గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకయితే పైకి లేవదు, నేలను అంటిపెట్టుకుని పల్లానికి పాకుతుంది. ఈ గుణం ఎంత దారుణానికి దారితీయగలదో ఈ ఊరికి తెలుసు. 1997 సెప్టెంబరు 14, ఆదివారం ఉదయం హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో లీకయిన ఎల్‌పీజీ మేఘంలా పరచుకుని అంటుకోగా దాదాపు 60 మంది ప్రాణాలు పోయాయి, చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి వెళ్లిపోయారు. కారు ట్యాంకులో ఉండేది కొద్ది పదుల లీటర్లే అయినా గ్యాసు నడత మారదు. అపార్టుమెంటు సెల్లార్‌లో రాత్రంతా సన్నగా లీకయిన ఎల్‌పీజీ లిఫ్టు గుంటలోకో, నీటి మోటారు గదిలోకో చేరి నిలిచిపోతుంది. తెల్లవారుజామున ఎవరో ఒకరు మోటారు స్విచ్చు వేస్తే పుట్టే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. గాలి ధారాళంగా ఆడే ఆరుబయట షెడ్డులో ఇదే లీకు వల్ల ఏ హానీ జరగకపోవచ్చు. బండి నిలిపే చోటే ముఖ్యమని నేను అనడానికి కారణం ఇదే.

వాహనాల కోసం తయారైన ఎల్‌పీజీ ట్యాంకులో, ఎండకు ద్రవం వ్యాకోచించడానికి చోటుండేలా, 80 శాతం నిండగానే గ్యాసు ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. వంటింటి సిలిండరు నుంచి బండిలోకి గ్యాసు ఎక్కించే చోట ఆ ఏర్పాటును గాని, గొట్టాల బిగింపును గాని పట్టించుకునేవారు ఉండరు. ఇది చట్టవిరుద్ధం, పైగా ఎక్కించేవారికీ, పక్క ఇంటివారికీ ప్రాణాంతకం. కొద్ది రూపాయల ఆదా కోసం ఎవరూ, ఎంత అవసరంలో ఉన్నా, ఈ పనికి ఒప్పుకోకూడదు.

సీఎన్‌జీ ఇందుకు భిన్నమైనది. ఇందులో అధికభాగం మీథేను కాబట్టి గాలికంటే దాదాపు సగం బరువే ఉంటుంది, లీకయితే పైకి పోయి చెదిరిపోతుంది. గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడే మండుతుంది, దానంతటది అంటుకోవాలంటే 540 డిగ్రీల సెల్సియస్ ప్రాంతపు వేడి కావాలి. పెట్రోలు ఆవిరికి ఇందులో సగం వేడి చాలు. ఆరుబయట లీకయిన సీఎన్‌జీ, నేలమీద ఒలికిన పెట్రోలుకంటే తక్కువ ప్రమాదకరమని దీన్నిబట్టి చెప్పవచ్చు. అయితే కప్పు తక్కువ ఎత్తులో ఉండి, వెంటిలేటరు కూడా లేని సెల్లార్‌లో ఈ గ్యాసు దూలాల మధ్య చేరి నిలుస్తుంది. స్తంభాల మీద కట్టి నాలుగు వైపులా తెరిచి ఉన్న స్టిల్టు పార్కింగులో ఆ ఇబ్బంది ఉండదు.

సీఎన్‌జీలో అసలు జాగ్రత్త పడవలసింది పీడనం దగ్గర. కారు టైరులో గాలి రెండు బార్లకు (బార్ అంటే పీడనపు కొలత) కాస్త పైన ఉంటే, నిండిన సీఎన్‌జీ సిలిండరులో 200 బార్లు ఉంటుంది. ఆ పీడనాన్ని తట్టుకునేలా సిలిండరును మందపాటి ఉక్కుతో చేస్తారు, వేడెక్కినప్పుడు పగిలిపోకుండా గ్యాసును బయటికి వదిలే ఏర్పాటు కూడా దానికి ఉంటుంది. మంచి కంపెనీ సిలిండరు కొత్తగా ఉన్నప్పుడు దాదాపుగా దిగులు పడనక్కర్లేదు. దాన్ని బలహీనపరచేది తుప్పు, సముద్రపు గాలి వీచే ఈ ఊళ్లో తుప్పుకు కొదవ లేదు. సిలిండరును పట్టి ఉంచే ఇనుప పట్టీల కింద, ఒరిపిడి లేకుండా రబ్బరు పలకలు వేస్తారు. డిక్కీలోకి దిగిన వాన నీరు, తేమ ఆ రబ్బరుకూ ఉక్కుకూ మధ్య చేరి ఆరకుండా ఉండిపోతాయి. పైనుంచి చూస్తే రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది, పట్టీ విప్పి చూస్తేగాని కింద గోధుమరంగు పొక్కులు కనబడవు. అందుకే మూడేళ్లకొకసారి అధీకృత కేంద్రంలో చేయించవలసిన హైడ్రో పరీక్షను కాగితం కోసం చేయించే పనిగా చూడకూడదు. ఆ పరీక్షకు సిలిండరును దించి, నీటితో నింపి, పని పీడనం కంటే చాలా ఎక్కువ పీడనం పెట్టి చూస్తారు. దించినప్పుడే పట్టీల కింది భాగం మన కంటికి కూడా కనబడుతుంది, ఆ సమయంలో దగ్గర నిలబడి చూడటం మంచిది.

బంకులో గ్యాసు నింపేటప్పుడు అందరినీ దిగమనడానికి కూడా ఈ పీడనమే కారణం. సిలిండరులోగాని వాల్వులోగాని లోపం ఉంటే, పీడనం పెరుగుతున్న ఆ కొద్ది నిమిషాలలోనే అది బయటపడే అవకాశం ఎక్కువ. నిద్రపోతున్న పాపను లేపడం ఎందుకని లోపలే ఉంచేవారు దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ప్రయాణంలో కుళ్లిన వాసన వంటిది తగిలితే, అది లీకు తెలియడానికి గ్యాసులో కలిపిన వాసనే. వెంటనే బండిని పక్కకు తీసి, ఇంజను ఆపి, అందరూ దిగి, తలుపులు, డిక్కీ తెరిచి, సిలిండరు దగ్గరి చేతి వాల్వు మూయాలి. మరే స్విచ్చూ ముట్టకుండా దూరంగా వెళ్లి ఫోను చేయాలి.

సీఎన్‌జీ బండి పోషణలో చాలామంది మరచిపోయేది పెట్రోలు ట్యాంకు. గ్యాసు ఉంది కదా అని అడుగున నాలుగు లీటర్లు పోసి నెలల తరబడి వదిలేస్తారు. ఇప్పుడు మనకు దొరుకుతున్నది 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు, ఇథనాలుకేమో గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. ఉక్కపోత తగ్గని తీరంలో సగానికిపైగా ఖాళీగా ఉన్న ట్యాంకులో నీరు చేరి అడుగున వేరుపడితే పంపు, ఇంజెక్టర్లు దెబ్బతింటాయి. పైగా ట్యాంకులోని పంపు చుట్టూ ఉండే పెట్రోలుతోనే చల్లబడుతుంది. కనీసం పావు ట్యాంకు ఉంచి, వారానికి ఒకటి రెండుసార్లు పెట్రోలు మీద కొంత దూరం నడపడం మేలు. ప్లగ్గులు కూడా గ్యాసు మీద తొందరగా అరుగుతాయి కనుక పెట్రోలు బండికంటే ముందుగా మార్చాలి. ఎయిర్ ఫిల్టరు సంగతి అన్ని ఇంజన్లకూ వర్తిస్తుంది: పోర్టు బొగ్గు ధూళి పడే పాత నగరం, గాజువాక వైపు తిరిగే బండికి కంపెనీ పుస్తకంలో రాసిన గడువు వరకు ఆగకూడదు.

పెట్రోలు అందరికీ అలవాటైనది కాబట్టి భయం తగ్గింది గాని, దాని ఆవిరి కూడా గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనదే, నేలను పాకేదే. పాత పెట్రోలు కార్లలో మంటలకు తరచుగా కారణమయ్యేవి పగిలిన రబ్బరు గొట్టాలు, ఎలుకలు కొరికిన తీగలు, ఫ్యూజు లేకుండా అదనంగా బిగించిన దీపాలు, స్పీకర్ల వైరింగు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో చాలావాటి గొట్టాలు, సీళ్లు ఇరవై శాతం ఇథనాలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాలులో పెట్రోలుకంటే మూడోవంతు శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, అది భరించవచ్చు. గొట్టాలను మాత్రం సర్వీసు చేయించిన ప్రతిసారీ వేలితో వంచి చూడమని మెకానిక్కుకు చెప్పాలి. సన్నని పగుళ్లు, జిగట కనబడితే మార్చివేయడమే, దీనికయ్యే ఖర్చు తక్కువ.

విద్యుత్ కారులో ట్యాంకు లేదు, ఇంజను ఆయిలు లేదు, ప్లగ్గులు లేవు. ఇక్కడ ముప్పు బ్యాటరీ ప్యాకులో ఉంటుంది. ఒక సెల్లు లోపల షార్టయి వేడెక్కితే ఆ వేడి పక్క సెల్లును రగిలిస్తుంది, అలా వరుసగా పాకుతుంది. ఆ మంటను కారులో ఉంచుకునే, నిప్పునార్పే పొడి నింపిన చిన్న సిలిండరు ఆర్పలేదు, ఎన్నో వేల లీటర్ల నీరు కావాలి, ఆరిందనుకున్నది గంటల తరవాత మళ్లీ రగలవచ్చు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం సెల్లులు నికెలు, మాంగనీసు, కోబాల్టు రకం కంటే ఎక్కువ వేడిని తట్టుకుంటాయి. ఎండలు మండే మన ఊరికి నేను మొదటి రకాన్నే ఎంచుకుంటాను. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకరు మరణించిన తరవాత జనంలో భయం బాగా పెరిగింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి, ఆపై 2023 మార్చి నుంచి రెండు దశల్లో బ్యాటరీ భద్రతా పరీక్షలను ప్రభుత్వం కఠినతరం చేసింది. పడకగదిలో చార్జింగు పెట్టిన విడి బ్యాటరీనీ, కారు కింద లోహపు చట్రంలో చల్లబరిచే ఏర్పాటుతో ఉన్న ప్యాకునూ ఒకే గాటన కట్టకూడదు.

తీరప్రాంతం వారు విద్యుత్ కారు విషయంలో గట్టిగా పట్టించుకోవలసింది ఉప్పు నీరు. చాలా ప్యాకులకు ఉండే ఐపీ 67 రక్షణ అంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట వరకు తట్టుకుంటుందని అర్థం. సముద్రపు నీటికి అది హామీ కాదు. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయన్ తుపాను ముంచెత్తినప్పుడు ఉప్పు నీట మునిగిన కొన్ని విద్యుత్ కార్లు రోజుల తరవాత అంటుకున్నాయి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బీచ్ రోడ్డు, ఇతర పల్లపు వీధులలోని విద్యుత్ కార్లను ముందే మెరకకు చేర్చాలి. మునిగిన కారును స్టార్టు చేయకుండా, చార్జింగు పెట్టకుండా, ఇంటికి దూరంగా ఆరుబయట నిలిపి సర్వీసువారికి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. పెట్రోలు బంకుల ముందు కూడా బారులు తీరాయి కాబట్టి ఆ పరిస్థితిలో ఏ ఇంధనానికీ పెద్ద ఆధిక్యం లేదు.

చార్జింగుకు సొంత మీటరు నుంచి వేరుగా లాగిన లైను, సరైన ఎర్తింగు, లీకేజీని పసిగట్టి కరెంటు ఆపే బ్రేకరు ఉండాలి. రెండో అంతస్తు బాల్కనీ నుంచి పొడిగింపు వైరు వేలాడదీసి కింద కారుకు పెట్టడం అక్కడక్కడ కనబడుతోంది. గంటల తరబడి నిండు కరెంటు పారే ఆ వైరు ప్లగ్గు దగ్గర కరిగితే, తప్పు బ్యాటరీది కాకపోయినా ఇల్లు తగలబడుతుంది. బ్రేకుల సంగతి కూడా చెప్పాలి. విద్యుత్ కారు వేగాన్ని ఎక్కువగా మోటారే తగ్గిస్తుంది కనుక బ్రేకు డిస్కులకు పని తక్కువ, ఉప్పు గాలికి వాటిమీద ఎర్రని తుప్పు పొర కడుతుంది. ఖాళీ రోడ్డు మీద వారానికోసారి నాలుగైదుసార్లు బ్రేకు గట్టిగా తొక్కితే అది రాలిపోతుంది. అరకు వెళ్లేవారు అక్కడ బ్యాటరీ నూరు శాతం నింపుకుని దిగకూడదు. నిండిన బ్యాటరీ దిగుడులో మోటారు పుట్టించే కరెంటును తీసుకోలేదు, అప్పుడు ఘాట్ రోడ్డు అంతా బ్రేకుల మీదే దిగవలసి వస్తుంది.

సొంత ఇల్లుగాని, స్టిల్టులో తన మీటరు లైను వేసుకునే వీలుగాని ఉండి, రోజూ ఊళ్లోనే తిరిగేవారికి నేను విద్యుత్ కారునే చెబుతాను. రోజూ అనకాపల్లికో విజయనగరానికో వెళ్లివచ్చేవారికి, గాలి ఆడే చోట బండి నిలుపుకోగలిగితే, కంపెనీలోనే బిగించి వచ్చిన సీఎన్‌జీ సరిపోతుంది. డిక్కీలో చోటు పోతుంది, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బలం తగ్గుతుంది, అక్కడ పెట్రోలుకు మార్చుకోవచ్చు. నెలకు కొద్ది దూరమే తిరిగేవారికి, వీధిలో బండి నిలపక తప్పనివారికి పెట్రోలే మేలు. ఎల్‌పీజీ కిట్టును మాత్రం ఎవరికీ చెప్పలేను.

పాత సీఎన్‌జీ కారు కొనేవారు ముందుగా బేరం మాట్లాడకుండా డిక్కీ తెరిపించండి. సిలిండరు దగ్గర బిగించిన పలక మీద ఉన్న క్రమసంఖ్య సిలిండరు మెడ దగ్గర కొట్టిన సంఖ్యతో సరిపోవాలి, తరవాతి పరీక్ష తేదీ దాటి ఉండకూడదు, ఆర్‌సీలోనూ బీమా పత్రంలోనూ సీఎన్‌జీ అని నమోదై ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా, అమ్మేవారు తమ ఖర్చుతో పరీక్ష చేయించి ధ్రువపత్రం చేతికి ఇచ్చేవరకు అడ్వాన్సు ఇవ్వకండి.