పది రెట్ల మడత భూతద్దం: నెటిల్ మొక్కల గుర్తింపులో దాని పనితనం

అడవి నీడల్లో పెరిగే, తాకితే కుట్టి మంట పుట్టించే నెటిల్ మొక్కను, దాన్ని పోలిన మొక్కలను వేరు చేయడానికి ఫోన్ యాప్‌ల కన్నా ఈ చిన్న మడత భూతద్దమే నాకు ఎక్కువ నమ్మదగినదిగా తోచింది. నెటిల్ (శాస్త్రీయ నామం ఉర్టికా డయోయికా) కాండం మీది మామూలు నూగు మధ్య గాజుసూదుల్లా నిలబడిన కుట్టే వెంట్రుకలను, వాటి ఉబ్బిన మొదళ్లతో సహా ఇది స్పష్టంగా చూపిస్తుంది. సిలికాతో గట్టిపడి పెళుసుగా మారిన ఆ వెంట్రుక కొన తాకగానే విరిగి, హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ వంటి మంట, దురద పుట్టించే పదార్థాలను చర్మంలోకి ఎక్కిస్తుంది. నెటిల్‌ను పోలిన డెడ్‌నెటిల్ ఆకులు దాదాపు అలాగే ఉన్నా, దాని నూగు కుట్టదు, పువ్వు రెండు పెదవులుగా విచ్చుకుంటుంది. దాన్నే పోలిన మరో మొక్క ఫాల్స్ నెటిల్‌కూ కుట్టే వెంట్రుకలు ఉండవు.

నెటిల్‌ను పోలిన వుడ్ నెటిల్ విషయంలో మాత్రం అద్దం ఒక్కటే చాలదు, ఎందుకంటే అదీ కుడుతుంది. ఉర్టికాలో ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా ఉంటే, వుడ్ నెటిల్‌లో కణుపుకు ఒక్కటే ఉంటుంది. ఈ తేడా మామూలు కంటికే తెలుస్తుంది.

అసలు ఇబ్బంది వాడే తీరులో ఉంది. అద్దాన్ని కంటికి ఆనించి, ఆకును సుమారు 2.5 సెంటీమీటర్ల దూరానికి తేవాలి కనుక, మందపాటి చేతి తొడుగులు లేనివారు, రెమ్మను ముఖానికి తగలనీయకుండా పట్టుకోవడం చేతకానివారు దీన్ని వాడకూడదు. ఇంత ముఖ్యమైన హెచ్చరిక పెట్టెలోని కాగితంలో లేకపోవడం నిజమైన లోపం. చెట్ల నీడలో వెలుతురు తక్కువ కాబట్టి, కొనేవారు చిన్న దీపం అమర్చిన రకాన్నే ఎంచుకోవడం మంచిది.