జిన్నింగ్ తుక్కు: పుట్టగొడుగులా, ఎరువా, బ్రికెట్లా?

క్వింటా పత్తి జిన్నింగ్‌లో, అంటే గింజ నుంచి దూదిని వేరుచేసే మిల్లులో, పడితే 33, 34 కిలోల దూది, 60 కిలోల పైచిలుకు గింజ వస్తాయి. గింజకు నూనె మిల్లుంది, నూనె తీశాక మిగిలే చెక్కకు బర్రెలున్నాయి. మిగిలేది రెండు మూడు కిలోల తుక్కు: ఆకుపొడి, కాయ తొక్కలు, వాటికి అంటుకున్న పొట్టి దూది. ఆదిలాబాద్, జమ్మికుంట, ఆదోని వైపు సీజన్‌లో ఏ మిల్లు వెనక చూసినా ఇదే కుప్ప. నిప్పురవ్వ పడుతుందేమోనన్న టెన్షన్ వేరే.

బ్రికెట్ల సంగతి ముందే తేల్చేస్తాను. తుక్కును గట్టి మొద్దుల్లా ఒత్తితే బాయిలర్లకు పనికొస్తుంది. కానీ మెషిన్‌కు లక్షలు పెట్టాలి, తేమ పది పన్నెండు శాతం దాటకుండా చూసుకోవాలి. మిల్లు తుక్కులో మట్టి ఉంటుంది కాబట్టి బూడిదా ఎక్కువే. ఆ మెషిన్‌కు చేలో మిగిలిన పత్తికట్టే మేలు. నలుగురు ఆడవాళ్ళం కలిసి పెరట్లో చేసుకునే పని కాదది.

ఇక పుట్టగొడుగులు. డబ్బు వీటిలోనే తొందరగా కనబడుతుంది. ఆల్చిప్ప రకమైతే, తడిపిన తుక్కును సంచిలో నింపి పుట్టగొడుగు విత్తనం వేసిన 20 రోజులకు సంచంతా తెల్లటి పోగులు అల్లుకుంటాయి, ఇంకో వారానికి మొదటి కోత. ఒక్కో సంచి మూడు కోతలిస్తుంది. దానికి కావాల్సిన 20 నుంచి 28 డిగ్రీల చల్లదనం కూడా మిల్లులు నడిచే చలికాలంలోనే దొరుకుతుంది.

కానీ దూదితో ఓ పేచీ ఉంది. మొదటిసారి తుక్కును నీళ్ళ డ్రమ్ములో వేస్తే తడవనే లేదు, పైకి తేలింది. దూది మీద పుట్టుకతోనే మైనం పూత ఉంటుంది మరి. పొత్రం పెట్టి ముంచాం. తెల్లారేసరికి ముద్దయి కూర్చుంది. గాలాడక రెండు సంచులు వారంలోనే ఆకుపచ్చ బూజు పట్టాయి. తర్వాత సగానికి సగం వరిగడ్డి ముక్కలు కలిపి, వేడినీళ్ళలో గంటసేపు ఉంచాం. పిడికిట్లో పిండితే అరచెయ్యి తడవాలి, చుక్క కారకూడదు. ఆ తడి కుదిరాక సంచులు నిలబడ్డాయి.

పత్తికి ఎన్ని మందులు కొడతారో తెలిసిందే. తినేది దీని మీదే పండిస్తున్నాం కాబట్టి ఒకసారైనా ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా అమ్మడం నాకు ఇష్టం లేదు. అమ్మకమూ తేలిక కాదు. కోసినవి ఆ రోజో మర్నాడో పోవాలి. మా ఊళ్ళో తిరిగితే, "వానలప్పుడు పుట్ట మీద మొలిచేవైతే తింటాం గానీ, సంచిలోవి ఏం రుచమ్మా" అన్నారు. మిగిలినవి ఎండబెట్టుకున్నాం.

ఎరువుకు ఈ హడావిడి లేదు. పేడనీళ్ళు చల్లి, తిప్పుతూ, వేడి తగ్గాక వానపాములు వదిలితే మూడు నెలలు. అమ్ముడుపోకున్నా పాడవదు. ధర మాత్రం తక్కువ, దూరం మోస్తే కిరాయికే సరి. ఒక్క జాగ్రత్త: తుక్కులో గులాబీ రంగు పురుగు దాక్కుని ఉండొచ్చు. పచ్చిగా చేలో చల్లితే మళ్ళీ మన కాయల్లోకే వస్తుంది. ముందు కుప్ప బాగా వేడెక్కాలి.

పట్నం గంట దూరంలో ఉంటే చలికాలమంతా పుట్టగొడుగులే నా ఓటు. లేదంటే ఎరువే. మేమైతే కోతలయ్యాక సంచులు విప్పి, లోపలి తుక్కును, గడ్డిని వానపాముల తొట్టిలో వేశాం. పచ్చి తుక్కు కంటే వాటికి అదే నచ్చినట్టుంది, రెండు వారాలకే పైపొర టీపొడిలా రాలుతోంది.