కోడ్ కన్వర్టర్ కొంటున్నారా? "కంపైల్ అయింది" అనగానే డబ్బు కట్టేయకండి

ఒక ప్రోగ్రామింగ్ భాషలోని కోడ్‌ని మరో భాషలోకి, అంటే జావా నుంచి పైథాన్‌కో, కోబాల్ నుంచి జావాకో ప్రాజెక్టు మొత్తం మార్చిపెడతామని అమ్మే టూల్స్, సర్వీసులు తీసుకోబోయేవాళ్ళు ఇది చదివాకే ఆర్డర్ ఇవ్వండి. డెలివరీ రోజున చూపించేది రెండే: ఎర్రర్ లేకుండా కంపైల్ అయింది (కంప్యూటర్ నడపగల రూపంలోకి మారింది), స్క్రీన్ తెరుచుకుంది. అక్కడే సంతకం తీసుకుంటారు. తేడా బయటపడేది ఆ తర్వాత, లెక్కల్లో.

ఒక్క లైను చూడండి. జావాలో పూర్ణాంకాలతో -7 / 2 చేస్తే -3. పైథాన్‌లో అదే గుర్తు ఉంచేస్తే -3.5 వస్తుంది. కన్వర్టర్ దాన్ని // గా మారిస్తే -4. రెండూ తప్పే, ఎందుకంటే జావా సున్నా వైపు కోస్తుంది, పైథాన్ // కిందివైపు దిగుతుంది. శేషమూ అంతే: -7 % 3 జావాలో -1, పైథాన్‌లో 2. డెమోలో అన్నీ ప్లస్ సంఖ్యలే కాబట్టి // చక్కగా పనిచేసినట్టు కనిపిస్తుంది. మైనస్‌లో మొదటి రీఫండ్ ఎంట్రీ పడిన రోజున టోటల్ తప్పుతుంది, ఎర్రర్ మాత్రం ఎక్కడా రాదు. చెక్‌సమ్ కోడ్ (డేటా చెడిపోలేదని సరిచూసే లెక్క) ఉంటే ఇంకో చిక్కు: జావా ఇంట్ (మామూలు పూర్ణాంక రకం) 2147483647 దాటగానే మైనస్‌లోకి తిరుగుతుంది, పైథాన్‌లో అంకె పెరుగుతూనే పోతుంది.

కోబాల్ అయితే ముందు డబ్బు ఫీల్డులు వెతకండి. ప్యాక్డ్ డెసిమల్‌ని (దశాంశాలను ఉన్నదున్నట్టు దాచే కోబాల్ రకం) జావా డబుల్‌గా (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) మార్చి ఉంటే అక్కడే ఆపేయండి. డబుల్‌లో 0.1 + 0.2 అంటే 0.30000000000000004. దాని బదులు జావాలో దశాంశాలను కచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్ ఉండాలి. అది ఉన్నా చాలదు: కోబాల్‌లో రౌండెడ్ అని రాయనిచోట మిగిలిన దశాంశాలు కోసేయడమే జరుగుతుంది. అక్కడ హాఫ్ అప్ (సగం, ఆపైన ఉంటే పైకి సవరించడం) పెడితే చివరి అంకె మారిపోతుంది.

విజువల్ బేసిక్ 6 కోడ్‌లో "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" ఉంటే, ఫంక్షన్ మొత్తాన్ని ఒకే ట్రైలో చుట్టి, క్యాచ్ (ఎర్రర్ వస్తే ఏం చేయాలో రాసే చోటు) ఖాళీగా వదిలేశారేమో చూడండి. పాత కోడ్ తప్పిన లైను వదిలి తర్వాతి లైనుకి వెళ్ళేది. కొత్తది మిగతా పనంతా ఎగ్గొడుతుంది.

అన్నిటికన్నా ఖరీదైన మెలిక మాత్రం ఇంపోర్ట్ లైన్లలో ఉంటుంది. ప్రతి ఫైలూ అమ్మినవాళ్ళ సొంత రన్‌టైమ్ లైబ్రరీనే (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తప్పనిసరిగా కావలసిన వాళ్ళ కోడ్) పిలుస్తుంటే, ఆ లైసెన్సు గడువు తీరిన రోజు మీ ప్రోగ్రామ్ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. లైబ్రరీ సోర్స్, ఎప్పటికీ వాడుకునే హక్కు, రెండూ ఒప్పందంలో రాయించుకోండి. నోటి మాట లెక్కలోకి రాదు.

"ఇంత శాతం ఆటోమేటిక్" అంటే అది లైన్ల లెక్క. మిగిలిన కొద్ది లైన్లే అసలు పని కావచ్చు.

ట్రయల్‌కి వాళ్ళ నమూనా వద్దు, మీ దగ్గరున్న అన్నిటికన్నా చిక్కు ఫైలు ఇవ్వండి. వ్యక్తిగత వివరాలు చెరిపేసిన ఒక నెల డేటాని పాత ప్రోగ్రామ్‌లో నడిపి అవుట్‌పుట్ దాచండి. అందులో మైనస్ మొత్తాలు, సున్నాలు, ఖాళీ ఫీల్డులు, ఫిబ్రవరి 29 తేదీ తప్పకుండా ఉండాలి. అదే డేటా కొత్తదానిలో నడిపి, రెండు అవుట్‌పుట్ ఫైళ్ళకీ డిఫ్ (లైను లైనుకీ తేడాల జాబితా) తీయండి. ఆ డిఫ్ ఖాళీగా వచ్చాకే చివరి వాయిదా అని మొదటి రోజే రాయించండి. తేడా వస్తే సరిచేసే ఖర్చు ఎవరిదో కూడా అదే పేజీలో ఉండాలి.