పల్లె ఎయిర్‌స్ట్రిప్‌లో పైలట్ శిక్షణ: ఫీజు కట్టబోయే తల్లిదండ్రులకు, విద్యార్థులకు జాగ్రత్త హెచ్చరిక

నగరాలకు దూరంగా, చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లలో నడిచే ఫ్లయింగ్ స్కూళ్ల బ్రోషర్లు చూస్తున్న తల్లిదండ్రుల కోసం, ఆ శిక్షణకు బ్యాంకు రుణం సిద్ధం చేసుకుంటున్న యువతీయువకుల కోసం ఇది రాస్తున్నాను. మా అబ్బాయి మన రాష్ట్రం బయట, ఒక జిల్లా కేంద్రానికి దూరంగా పొలాల మధ్య ఉన్న ఎయిర్‌స్ట్రిప్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్సు కోర్సులో చేరాడు. ఏడాదిలో పూర్తవుతుందని కాగితం మీద రాసి ఇచ్చిన కోర్సు అది. ఏడాది గడిచేసరికి ఎగిరిన గంటలు నమోదు చేసే అతడి లాగ్ బుక్‌లో సగం గంటలు కూడా నిండలేదు. ఫీజు మాత్రం మూడింట రెండు వంతులకు పైగా వాళ్ల ఖాతాకు చేరిపోయింది. వ్యవహారం నోటీసుల దశలో ఉన్నందువల్ల స్కూలు పేరు ఇక్కడ చెప్పడం లేదు. ఇటువంటి లక్షణాలు ఏ స్కూల్లో కనిపించినా జాగ్రత్త పడవలసిందే కనుక, పేరు లేకపోయినా చదివేవారికి లోటు ఉండదు.

ఈ కోర్సులో మనం డబ్బు పెట్టి కొనేది విమానం గాలిలో ఉండే గంటలను. హాస్టలు, యూనిఫాం, ఏసీ తరగతి గది, ప్రవేశద్వారం దగ్గర పెట్టిన పాత విమానం, ఇవన్నీ ఆ తరువాతి మాట. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం కమర్షియల్ లైసెన్సుకు మొత్తం 200 గంటల ఫ్లయింగ్ కావాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానానికి తానే బాధ్యుడిగా, ఎగరాలి; ఆ హోదాలోనే 20 గంటలు క్రాస్ కంట్రీ, అంటే ఒక చోటి నుంచి మరో చోటికి ప్రయాణం, ఉండాలి, వాటిలో ఒక ప్రయాణం 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, మధ్యలో రెండు వేర్వేరు విమానాశ్రయాల్లో దిగి పూర్తిగా ఆగేట్టు ఉండాలి. ఇవి కాక పరికరాలను మాత్రమే చూస్తూ నడిపే ఇన్‌స్ట్రుమెంట్ సమయం 10 గంటలు, 5 గంటల రాత్రి ఫ్లయింగ్ కావాలి. పైగా దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో 15 గంటలైనా ఎగిరి ఉండాలన్న షరతు ఒకటి ఉంది. శిక్షణ నత్తనడకన సాగితే ఈ చివరి షరతే విద్యార్థి మెడకు చుట్టుకుంటుంది.

కౌన్సెలర్ ఎవరూ మన ముందు వేయని ఒక లెక్క ఉంది. స్కూల్లో 60 మంది విద్యార్థులు ఉన్నారనుకుందాం. మనిషికి 200 గంటల చొప్పున వాళ్లకు కావలసింది 12,000 గంటలు. ఎగరగలిగే స్థితిలో ఉన్న విమానాలు రెండే అయితే, ఒక్కొక్కటి రోజుకు 5 గంటల చొప్పున, వానలూ మంచూ సెలవులూ పోగా ఏడాదిలో 250 రోజులు ఎగిరినా, వచ్చేది 2,500 గంటలు. అంటే అప్పటికే చేరి ఉన్నవారికే దాదాపు అయిదేళ్లు పడుతుంది. ఇంత సులువైన లెక్క స్కూలు యాజమాన్యానికి తెలియదని నేను నమ్మను. తెలిసీ కొత్త బ్యాచ్‌ను చేర్చుకుంటున్నారంటే, కొత్తవారి డబ్బుతో పాతవారి గంటలు నడుపుతున్నారనే అర్థం.

బ్రోషర్‌లో ఏడు విమానాల బొమ్మలు ఉండవచ్చు. హ్యాంగర్‌లో ఏడూ నిలబడి ఉండవచ్చు కూడా. వాటిలో ఒకదానికి ప్రొపెల్లర్ ఉండదు, ఒకదాని ఇంజన్ ఓవర్‌హాల్‌కు, అంటే పూర్తిగా విప్పి బాగుచేయడానికి, వెళ్లి నెలలు గడిచి ఉంటాయి, మరొకటి విడిభాగాల కోసం విప్పేసిన గుల్ల. శిక్షణ విమానానికి ప్రతి 50 గంటలకు, 100 గంటలకు తనిఖీలు ఉంటాయి. రోజుకు 5 గంటలు ఎగిరే విమానం 10 రోజులకు ఒకసారి ఏదో ఒక తనిఖీకి కూర్చోవలసిందే. ఇప్పటి సెస్నా 172ల్లో ఉండే లైకమింగ్ ఇంజన్‌కు తయారీదారు చెప్పిన ఓవర్‌హాల్ గడువు 2,000 గంటలు కనుక, బాగా ఎగిరే విమానం రెండేళ్లలోపే ఇంజన్ దింపుకోవాలి. దక్షతగల స్కూలు దీనికి ముందే ఏర్పాటు చేసుకుంటుంది. మా అబ్బాయి చేరిన చోట గడువు ముంచుకొచ్చాక గాని ఆ ఆలోచన చేయలేదు. ఆ తరువాత "విదేశాల నుంచి పార్ట్ రావాలి" అన్న ఒకే మాట నెలల తరబడి విన్నాము. ఇంధనం విషయంలోనూ అదే జవాబు. ఈ చిన్న విమానాలకు వాడే పెట్రోలు అవ్‌గ్యాస్‌ను ఇండియన్ ఆయిల్ 2022 నుంచి వడోదరలోని రిఫైనరీలో తయారు చేస్తోంది. ఆ సంగతి చెప్పిన తరువాత "రోడ్డు మార్గంలో డ్రమ్ములు ఆలస్యమయ్యాయి" అని మాట మార్చారు.

చిన్న ఎయిర్‌స్ట్రిప్ అంటేనే చెడ్డదని నా అభిప్రాయం కాదు. రద్దీ విమానాశ్రయంలో పెద్ద విమానాలకు దారి ఇస్తూ ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని వేచి ఉండే సమయానికి కూడా విద్యార్థే డబ్బు కట్టాలి. పల్లెలో ఆ బాధ లేదు, ఒక గంటలో ఎక్కువ సర్క్యూట్లు, అంటే లేచి రన్‌వే చుట్టూ తిరిగి దిగే చుట్లు, తిరగవచ్చు, టేకాఫ్, ల్యాండింగ్‌లకు చెయ్యి త్వరగా తిరుగుతుంది. రన్‌వేకు లైట్లు లేకపోతే మాత్రం రాత్రి గంటల కోసం విమానాన్ని, ఇన్‌స్ట్రక్టర్‌ను, విద్యార్థులను మరో ఊరికి తరలించాలి. ఆ ప్రయాణం ఎప్పుడు ఉంటుందో, దాని ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఉండదు. నిబంధనల ప్రకారం రాత్రి గంటల్లో పైలట్ ఇన్ కమాండ్‌గా 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు ఉండాలి కనుక ఏదో ఒక సాయంత్రం వెళ్లి వచ్చేస్తే సరిపోయే పని కాదు. కంట్రోల్ టవర్ లేని చోట నేర్చుకున్నవారికి రేడియోలో మాట్లాడే అలవాటు కూడా ఆలస్యంగా వస్తుంది; అది పైలట్ల రేడియో లైసెన్సు పరీక్ష ఆర్‌టీఆర్‌లో తెలిసిపోతుంది. మంచు కమ్మే ప్రాంతమైతే చలికాలంలో ఉదయాలు పోతాయి. ప్రభుత్వ ఎయిర్‌స్ట్రిప్ అయితే ప్రముఖుల హెలికాప్టర్ వచ్చిన రోజు ఫ్లయింగ్ ఆపేస్తారు. ఇవన్నీ న్యాయమైన కారణాలే. ఏటా వచ్చే ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఏడాదిలో పూర్తి చేస్తామని హామీ ఇవ్వడమే అన్యాయం.

ఆలస్యం వల్ల నష్టపోయేది కాలం ఒక్కటే కాదని మాకు బిల్లులు చూశాక తెలిసింది. విమానం లేక విద్యార్థి వారాల తరబడి నేల మీదే ఉండిపోతే, మళ్లీ ఒంటరిగా పంపే ముందు ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని పరీక్షిస్తారు. భద్రత రీత్యా అది సరైన పద్ధతే, దాన్ని తప్పుపట్టను. అయితే విమానం ఇవ్వలేకపోయింది స్కూలు, ఆ చెక్ ఫ్లయిట్ బిల్లు పడింది విద్యార్థికి. హాస్టలు, మెస్ రుసుములు నెలనెలా సాగుతూనే ఉంటాయి. నలభై ఏళ్లలోపు వారికి క్లాస్ 1 మెడికల్ (పైలట్ ఆరోగ్య ధ్రువపత్రం) చెల్లుబాటు 12 నెలలు కనుక దాన్ని మళ్లీ చేయించుకోవాలి. బ్యాంకు వాయిదాలు ఎవరి కోసమూ ఆగవు.

బిల్లులోని గంటలను లాగ్ బుక్‌లోని గంటలతో పోల్చి చూడండి. విమానం టేకాఫ్ కోసం తన శక్తితో కదిలిన క్షణం నుంచి, ప్రయాణం ముగిసి పూర్తిగా ఆగేవరకు గడిచినదే ఫ్లయిట్ టైమ్. లైసెన్సుకు లెక్కలోకి వచ్చేది అదే. ఆ స్కూలు బిల్లు వేసింది ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి నుంచి తిరిగే మీటర్ ప్రకారం. ఇంజన్ వేడెక్కడానికి, తనిఖీలకు విమానం నిలబడి ఉన్న నిమిషాలు బిల్లులో ఉంటాయి, లాగ్ బుక్‌లో ఉండవు. గంటసేపటి ఒక్కో సార్టీకి, అంటే ఒక విడత ఫ్లయింగ్‌కు, 6 నిమిషాల తేడా వచ్చినా 200 సార్టీలకు అది 20 గంటలు. ఏ మీటర్ ప్రకారం బిల్లు వేస్తారో చేరకముందే రాయించుకోవడం మంచిది.

ఇక జీఎస్టీ. మా రసీదుల్లో ఫీజు మీద 18 శాతం పన్ను విడిగా వేశారు. డీజీసీఏ ఆమోదం పొందిన స్కూలు నడిపే ఆమోదిత ఫ్లయింగ్ కోర్సులకు జీఎస్టీ మినహాయింపు ఉందని 2024 సెప్టెంబరులో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 54వ సమావేశం తేల్చింది. అదే ఏడాది అక్టోబరు 11న 234/28/2024 నంబరుతో సర్క్యులర్ కూడా వచ్చింది. మేము డబ్బు కట్టింది ఆ తరువాతే. అడిగితే "మా ఆడిటర్ అలాగే వేయమన్నారు" అన్నారు. 50 లక్షల ఫీజు మీద 18 శాతం అంటే 9 లక్షలు. ఎవరి రసీదులోనైనా ఈ వరుస కనిపిస్తే, సర్క్యులర్ ప్రతి జతచేసి రాతపూర్వకంగా వివరణ అడగండి.

కమర్షియల్ లైసెన్సుకే దిక్కు లేని దశలో ఎయిర్‌బస్ 320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ప్యాకేజీకి కూడా ముందస్తు డబ్బు కట్టమని ఒత్తిడి చేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఆ వ్యవహారం. గోడ మీద ఎయిర్‌లైన్స్ లోగోలు పెట్టుకున్నంత మాత్రాన ఆ సంస్థలతో నియామక ఒప్పందం ఉన్నట్టు కాదు. ఉందని చెబితే ఆ ఒప్పందం చూపమనండి.

అన్నిటికంటే తీవ్రమైనవి రెండు ఉన్నాయి. మొదటిది, గంటలు "సర్దుబాటు" చేస్తామన్న మాట. ఆలస్యం గురించి గట్టిగా నిలదీసిన కొందరు విద్యార్థులకు, ఎగరని గంటలు లాగ్ బుక్‌లో రాయించే దారి ఉందని సూచనప్రాయంగా చెప్పారు. 2011లో నకిలీ మార్కుల పత్రాలు, ఎగరని గంటల ఎంట్రీలు బయటపడినప్పుడు డీజీసీఏ దేశంలోని ఫ్లయింగ్ స్కూళ్లను ఆడిట్ చేసింది. లైసెన్సులు పోయాయి, అరెస్టులూ జరిగాయి. లాగ్ బుక్ ఎంట్రీని, విమానం ఎగిరిన గంటలు, లోపాలు రాసే టెక్ లాగ్‌తోనూ ఇంధనం రికార్డుతోనూ సరిపోల్చితే అబద్ధం నిలవదు, సంతకం పెట్టిన విద్యార్థి కూడా బాధ్యుడవుతాడు. రెండవది, విమానంలో కనిపించిన లోపాన్ని, అంటే స్నాగ్‌ను, టెక్ లాగ్‌లో రాయవద్దనీ నోటితో చెబితే చాలనీ అనడం. రాస్తే ఇంజనీరు సరిచేసి సంతకం పెట్టేదాకా విమానం ఎగరదు కనుక వాళ్లకు ఆ రోజు ఆదాయం పోతుంది. ఆ మాట విన్న రోజునే మా అబ్బాయిని వెనక్కు పిలిపించాము. మిగిలినవన్నీ డబ్బుతో పోయేవి, ఇది అలాంటిది కాదు.

చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు ఓపెన్ డే నాడు కాక, ముందుగా చెప్పకుండా ఒక మామూలు పనిదినాన వెళ్లండి. తెల్లవారి నుంచి సాయంత్రం వరకు గేటు బయట నిలబడినా ఎన్ని విమానాలు లేచాయో, వాటి మీద రాసి ఉండే నమోదు గుర్తులో వీటీ తరువాతి అక్షరాలు ఏమిటో కనిపిస్తాయి. పొద్దంతా ఒకే అక్షరాల విమానం లేచి దిగుతూ ఉంటే ఇక బ్రోషర్‌తో పని లేదు. సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చునే సీనియర్ విద్యార్థులను, చేరిన నెల ఏదో, ఇప్పటికి ఎన్ని గంటలయ్యాయో అడగండి. ఈ రెండు సంఖ్యలు చాలు. మన తెలుగు పిల్లలు దాదాపు ప్రతి స్కూల్లోనూ ఉంటారు, భాష కలిస్తే దాచకుండా చెబుతారు. లోపలికి వెళ్లాక ఒక్కొక్క విమానం ఎగరడానికి తగినదని తెలిపే ఎయిర్‌వర్తీనెస్ రివ్యూ సర్టిఫికెట్ గడువు, ఇంజన్‌కు మిగిలిన గంటలు, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ నిజంగా అక్కడే ఉంటున్నారా లేదా అన్నది, ఫ్లయింగ్ జరిగేటప్పుడు అగ్నిమాపక వాహనం సిద్ధంగా ఉందా అన్నది అడగండి. డీజీసీఏ 2025 నుంచి ఏటా రెండుసార్లు ఫ్లయింగ్ స్కూళ్లకు గ్రేడ్లు ప్రకటించే పద్ధతి పెట్టింది. మొదటి జాబితాలో పై రెండు గ్రేడ్లు ఒక్క స్కూలుకూ రాలేదు కనుక, "మాది దేశంలోనే నంబర్ వన్" అనేవారిని గ్రేడ్ చూపించమనడంలో మొహమాటం అక్కరలేదు.

డబ్బు గంటల వెనక నడవాలి గాని ముందు నడవకూడదు. 10 లేదా 20 గంటలకు సరిపడా మొత్తం కట్టి, అవి ఎగిరి లాగ్ బుక్‌లో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం పడ్డాక తరువాతి మొత్తం కట్టే ఏర్పాటుకు ఒప్పుకోని స్కూలును వదిలేయడమే క్షేమం. "ఒకేసారి కడితే 3 లక్షలు తగ్గింపు" అన్న ఎరకు లొంగవద్దు. బ్యాంకు రుణమైతే దశలవారీగా, గంటల ధ్రువపత్రం చూసి విడుదల చేయమని బ్యాంకునే రాతపూర్వకంగా కోరవచ్చు. ఒప్పందంలో వాపసు షరతు, నెలకు ఇన్ని గంటలకు తగ్గితే స్కూలు ఏం చేస్తుందన్న షరతు ఉండాలి. "ఆపరేషనల్ కారణాల వల్ల" అన్న మూడు మాటల్లో అన్నీ ఎగిరిపోయేలా ఉండకూడదు.

ఇప్పటికే చేరి ఇరుక్కున్నవారికి ఒక మాట. మరో స్కూలుకు మారాలంటే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ధ్రువీకరించిన లాగ్ బుక్, శిక్షణ రికార్డులు, నిరభ్యంతర పత్రం కావాలి. బకాయి ఉందని చెప్పి వీటినే ఆపుతారు. అందుకే లాగ్ బుక్ పేజీలను ప్రతి నెలా సంతకాలతో సహా ఫొటో తీసి ఇంటికి పంపుతూ ఉండండి. ఫోన్‌లో చెప్పినదాన్ని అదే రోజు ఈమెయిల్‌లో "మీరు ఇలా అన్నారు" అని రాసి పెట్టండి. వివాదాలు తమ ఊరి కోర్టులోనే తేలాలని స్కూళ్లు ఒప్పందంలో రాసుకుంటాయి. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు అయితే జిల్లా కమిషన్, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్ వింటాయి. విద్యాసంస్థలు ఈ చట్టం కిందికి వస్తాయా రావా అన్నదానిపై కోర్టుల్లో వాదాలు ఉన్నందువల్ల, వేసేముందు ఇటువంటి కేసులు చూసిన న్యాయవాదిని సంప్రదించండి. స్నాగ్ దాచడం, గంటలు కల్పించడం వంటి భద్రతా విషయాలను మాత్రం డబ్బు తగాదాతో కలపకుండా, తేదీ, విమానం అక్షరాలు రాసి, వేరుగా డీజీసీఏకు పంపండి. మేము రెండూ ఒకే లేఖలో రాసినప్పుడు అది ఫీజు వివాదం కింద పక్కకు పోయింది. విడదీసి రాసిన తరువాతే స్కూలు నుంచి జవాబు వచ్చింది.