చోడికి (రాగికి) దూరం ఊడుపు, తక్కువ యూరియా: చాన్నాళ్లు చేశాక నా రివ్యూ

మాది పద్మనాభం పక్క, గరువు (మెట్ట) భూమి, వాన పడితేనే పంట. గులి పద్ధతిలో, అంటే గుంటలు తీసి అడుగున్నర దూరంలో చోడి ఊడవండి అని అందరూ తెగ చెప్తున్నారు కదా, నేను 2016 నుంచి దూరం మార్చి, ఎరువు మార్చి చూస్తూనే ఉన్నా. నచ్చింది గానీ వాళ్లు చెప్పినంత లేదు, ఐదుకి మూడున్నర ఇస్తా.

బస్తాల లెక్క అందరూ చెప్తారు, నాకు గింజ ముఖ్యం. మేం చోళ్లు మొలకకట్టి మాల్టుపిండి ఆడించి వైజాగ్‌లో అమ్ముతాం, గింజ ఒక్క సైజులో లేకపోతే సగం మొలకొస్తాది, సగం అలాగే ఉండిపోద్ది, రెండోరోజు మూట విప్పితే పులుపు వాసన కొడతాది, ఇంక ఆ పిండి ఎవడు కొంటాడు.

వెదజల్లితే ఎకరాకి మూడు నాలుగు కిలోల విత్తనం పోద్ది, పైగా చేను కిక్కిరిసిపోయి ఎన్ను (కంకి) చిన్నదైపోద్ది. అరచేతిలో వేసి నలిపి ఊదితే ఎన్ను వేళ్ల కొసలన్నీ తాలే, మొదట్లో మాత్రమే గట్టి గింజ. అడుగున్నర దూరమైతే ఎకరాకి 19 వేల మొక్కలే, ఒక్కో దుబ్బు చూస్తే ముచ్చటేస్తాది, పిలకలే పిలకలు (మొదట్లోంచి వచ్చే పక్క కాడలు). కానీ అసలు గొడవ అక్కడే. తల్లి ఎన్ను గోధుమరంగుకి తిరిగిపోయినా చివర వచ్చిన పిలకల ఎన్ను ఇంకా పచ్చిగానే ఉంటాది, ఆగితే ముందుది రాలుద్ది, పిట్టలు తింటాయి, ఆగకుండా కోస్తే పచ్చి గింజ ఎండలో ముడుచుకుపోద్ది. రెండు దఫాలు ఎన్నులు కోయించాలి, కూలి ఎవరిస్తారు? మా గరువుకి అడుగు బై అడుగు సరిపోయింది, ఎకరాకి 43 వేల పైచిలుకు మొక్కలు, పిలకలు తక్కువే గానీ అన్నీ ఇంచుమించు ఒకేసారి పండుతున్నాయి. నీటివసతి ఉన్నోళ్లకి అడుగున్నర బాగుండొచ్చు.

యూరియా విషయంలో మాత్రం నాకు డౌటే లేదు. 45 కిలోల బస్తాలో 20 కిలోల పైన నత్రజని ఉంటాది, మా చుట్టుపక్కల ఎకరాకి రెండేసి బస్తాలు కొడతారు, చేను నల్లగా నిగనిగలాడుతాది, చూసినోళ్లంతా ఆహా అంటారు. తర్వాత అగ్గితెగులు మెడకి తగిలిందంటే ఎన్ను బయటికొచ్చీ తాలే, లేదంటే అక్టోబరు వానకి చేను పడుకుంటాది (హుద్‌హుద్ తుఫాను లాంటిదొస్తే ఎలా వేసినా పడుకుంటాదనుకోండి, అది వేరే). నేను ఆఖరి దుక్కిలో గెత్తం (పశువుల ఎరువు), ఒక బస్తా డీఏపీ, కొంచెం పొటాష్ వేస్తా, ఊడ్చిన నెలలోపు కలుపు తీయించి తడి ఉన్నప్పుడు అరబస్తా యూరియా, అంతే. ఆ తర్వాత చిటికెడు కూడా వెయ్యను, లేటుగా వేస్తే కొత్త పిలకలొచ్చి పంట ఎప్పటికీ ఒక దారికి రాదు.

రాజస్థాన్, హర్యానా వైపు మాల్టుకి బార్లీ వేసేవాళ్లకీ ఇదే తలనొప్పి. నత్రజని ఎక్కువైతే గింజలో ప్రొటీన్ పెరిగి మాల్టు సారం తగ్గుద్ది, అందుకే మాల్టు కంపెనీలు ప్రొటీన్ శాతం చూసి మరీ కొంటాయి. మరీ ఒత్తుగా విత్తితే గింజ సన్నబడుద్ది, మరీ పలచనైతే లేటు పిలకలు. మన చోళ్లకి ప్రొటీన్ ఎవడూ కొలవడు గానీ మొలక మూట దగ్గర తేడా తెలిసిపోద్ది.

ఇలా చేస్తే గడ్డి తగ్గుద్ది, పశువులున్నోళ్లు ముందే ఆలోచించుకోండి. కలుపు కూడా ఎక్కువే, మొక్కల మధ్య ఖాళీ ఉంటే తుంగ ఊరుకుంటాదా? మొదటి నెలలో రెండుసార్లు గొప్పు తవ్వించక తప్పదు, మనుషులు దొరకని ఊరైతే అడుగు దూరం కూడా వద్దు, జానెడు పెట్టుకుని యూరియా ఒక్కటీ తగ్గించండి, దానికే గింజలో తేడా కనిపిస్తాది. విత్తనం మేం విజయనగరం పరిశోధన స్థానం వాళ్ల శ్రీచైతన్య వేస్తున్నాం, వేరే రకాలకి ఈ దూరం కుదిరిందో లేదో వేసినోళ్లు చెప్పండి.