అనంతపురంలో కొత్త టచ్ స్క్రీన్ టిఫిన్ హోటల్: తిండికి నాలుగు స్టార్లు, జీతాలకి ఒకటే

మూడు నెల్లుగా వారానికి ఒకసారన్నా పోతున్నా కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. హోటల్ పేరు మాత్రం రాయను, నాతో మాట్లాడిన మనిషి ఇంకా అక్కడే పనిచేస్తోంది, నా రివ్యూ వల్ల ఆమె పని పోతే ఆ పాపం నాకొద్దు. మా అనంతపురంలోనే, అంతవరకు చెప్తా.

ముందు తిండి సంగతి. ఉగ్గాని నిజంగా బాగుంది, బొరుగులు ముద్దవకుండా పుట్నాల పొడి సరిగ్గా పట్టి, పక్కన మిరపకాయ బజ్జీ నూనెలోంచి అప్పుడే తీసింది. ఎర్రకారం దోశ ఇంకా బాగుంది, ఆ కారం మాస్టర్ చేత్తోనే పూస్తాడు, పైన పప్పుల పొడి చల్లుతాడు, తింటే మా పాతూరులో చిన్నప్పుడు తిన్న దోశలే గుర్తొచ్చాయి. మామూలు దోశ మాత్రం మిషన్ది. పిండి అదే పోసుకుంటుంది, అదే కాలుస్తుంది, అదే చుట్టి బయటికి తోస్తుంది, అన్నీ ఒకే సైజు ఒకే రంగు, అంచులు కరకరలాడవు. చెనక్కాయల చట్నీకి ఫుల్ మార్కులు, సాంబారు కొంచెం తీపి. నీట్‌నెస్ గురించైతే వంక పెట్టడానికి లేదు, ఆదివారం పొద్దున అంత రష్‌లో కూడా టేబుల్ మీద ఒక్క మెతుకు కనపడదు. ఆ టేబుళ్ళు తుడిచే మనిషి గురించే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ఇక్కడ సర్వర్లు లేరు. గుమ్మం దగ్గర రెండు టచ్ స్క్రీన్ మిషన్లు, ప్రతి టేబుల్ మీద క్యూఆర్ స్టిక్కర్, ఆర్డర్ మనమే కొట్టుకోవాలి, డబ్బులు ఫోన్‌లో కొట్టాలి, బోర్డు మీద మన నంబర్ వెలిగితే పోయి ప్లేట్ తెచ్చుకోవాలి. జేఎన్‌టీయూ పిల్లలు రెండు నిమిషాల్లో తెచ్చుకుని కూర్చుంటారు, తొందర్లో ఉన్నోళ్ళకి హాయే. మా అమ్మకైతే కుదరదు, ఆమె ఒక్కతే పోతే తినకుండా వెనక్కి రావాల్సిందే.

పోయిన నెల ఒకరోజు నేను కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన వచ్చాడు, పంచె, తలకి టవల్, చేతిలో పెద్దాసుపత్రి కాగితాలున్న ప్లాస్టిక్ కవరు. వచ్చి టేబుల్ దగ్గర కూర్చుని ఎవరన్నా వచ్చి అడుగుతారని చూస్తున్నాడు. పది నిమిషాలు అట్లే కూర్చున్నాడు. ఎవరూ రారు కదా. లేచి మిషన్ దగ్గరికి పోయి దాన్ని చూసి, వెనక లైన్లో ఉన్న పిల్లోళ్ళని చూసి, పక్కకి జరిగి నిలబడినాడు. అప్పుడు టేబుళ్ళు తుడిచే అక్క గుడ్డ భుజానేసుకుని వచ్చింది. "ఏం కావాల నాయనా?" అంటే "ఉగ్గాని ఉండాదామ్మా?" అన్నాడు. చేతులు చీర కొంగుకి తుడుచుకుని స్క్రీన్ మీద వేలు పెడితే పడలేదు, తడి చెయ్యి కదా, మళ్ళీ తుడుచుకుని మళ్ళీ నొక్కింది. ఆయన దగ్గర ఫోన్ లేదు, నోట్లే ఉన్నాయి, వాటిని కౌంటర్‌కి తీసుకుపోయి కట్టి చిల్లర తెచ్చి ఆయన చేతిలో లెక్కపెట్టి పెట్టింది, నంబర్ వెలిగాక ప్లేటు, నీళ్ళ గ్లాసు ఆమే తెచ్చిచ్చింది. ఈలోపు నాలుగు టేబుళ్ళు ఎంగిలి ప్లేట్లతో నిండిపోయాయి, లోపలినుంచి సూపర్‌వైజర్ ఒకటే అరుపు.

ఆమె పని ఎంగిలి ప్లేట్లు తీయడం, టేబుళ్ళు తుడవడం, సాయంత్రం నుంచి గిన్నెలు కడగడం. ఆర్డర్ తీసుకోవడం ఆమె పని కాదు, దానికి మిషన్ పెట్టుకున్నారు. కానీ మిషన్ చేతకానిదంతా ఆమె మీదే పడుతోంది, దానికి ఒక్క పైసా ఎక్కువ రాదు. ఇది చూశాకే నేను ఆమెతో మాట్లాడింది. దగ్గరగా చూస్తే వేళ్ళ చివర్లు తెల్లగా నాని పగిలిపోయి ఉన్నాయి, బొటనవేలికి ప్లాస్టర్, ఆ ప్లాస్టర్ కూడా నానిపోయింది. సబ్బు నీళ్ళల్లో పని కదా అక్కా, గ్లౌజులు ఇవ్వరా అని నేనంటే "ఒకసారి ఇచ్చిరి అన్నా, చినిగిపాయ, మళ్ళా ఇయ్యలే" అంది.

జీతం 9,000. పొద్దున పదికి వస్తే రాత్రి పది దాకా పన్నెండు గంటలు, నెలకి రెండు సెలవులు. నేను అక్కడే ఫోన్‌లో లెక్క కట్టా, 28 రోజులు పన్నెండు గంటలంటే 336 గంటలు, గంటకి 27 రూపాయలు కూడా పడటం లేదు. అక్కడ ఎర్రకారం దోశ 90 రూపాయలు. అంటే మూడు గంటలకి పైగా తుడిస్తే ఒక దోశ. ఆమె వచ్చేది పక్కపల్లె నుంచి, పొద్దున ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ కాబట్టి సరిపోతుంది, 2025 ఆగస్టు 15న ఆ స్కీమ్ వచ్చాక ఆ ఖర్చు తగ్గింది అని తనే చెప్పింది, కానీ రాత్రి డ్యూటీ అయ్యేసరికి వాళ్ళూరికి ఆఖరి బస్సు పోయుంటుంది, షేర్ ఆటోకి 40. మొగుడు లేడు, ఇద్దరు పిల్లలు, పెద్దది ఇంటర్. గిన్నెలు కడిగేచోట జారిపడి మణికట్టు బెణికితే మూడురోజులు రాలేదు, మూడురోజుల జీతం కోశారు. పద్నాలుగు మంది పనిచేసే చోటు, పది మంది, ఆపైన ఉంటే ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా ఉండాలి, 21,000 లోపు జీతం వాళ్ళందరికీ వర్తిస్తుంది, ఈమె ఆ కార్డు మొహమే చూడలేదు.

ఒక పక్క నర్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న దేశంలోనే మొదటిసారి ఉపాధి హామీ పని మొదలైంది మా జిల్లాలోనే, ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి మొదలుపెట్టాడు. 2025-26లో మన రాష్ట్రంలో ఆ కూలి రోజుకి 307. టౌన్‌లో ఏసీ హోటల్లో పన్నెండు గంటలు నిలబడితే వచ్చేది దానికి కాస్త అటూ ఇటూ. ఇది నాకు మింగుడు పడటం లేదు.

అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది టిప్ విషయంలో. సర్వీస్ ఛార్జ్ అని బిల్లులో వెయ్యలేదు, అది మంచిదే, అట్లా బలవంతంగా వెయ్యకూడదని 2022 జూలైలోనే గైడ్‌లైన్స్ వచ్చాయి, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. కానీ డబ్బులు కట్టే ముందు స్క్రీన్ మీద "మా సిబ్బందికి టిప్ ఇస్తారా" అని పది, ఇరవై, ముప్పై బటన్లు వస్తాయి. నేను మూడు నెల్లుగా పదో ఇరవయ్యో నొక్కుతూనే ఉన్నా, పాపం వాళ్ళకి పోతుంది కదా అని. అక్కని అడిగితే ఆ బటన్ ఉందనే ఆమెకి తెలీదు. కౌంటర్లో అడిగితే అంతా ఒకే అకౌంట్‌లో పడుతుంది సార్ అన్నాడు, తర్వాత పంచుతారా అంటే మాట మార్చేశాడు. వాళ్ళ పేరు చెప్పి మా దగ్గర తీసుకున్న డబ్బులు వాళ్ళకి చేరలేదు. ఒక్క స్టార్ అందుకే.

ఓనర్ గారితో కూడా మాట్లాడినా, మర్యాదగానే మాట్లాడినాడు, అది కూడా రాయాలి. అద్దె, కమర్షియల్ సిలిండర్, ఆన్‌లైన్ ఆర్డర్ల కమిషన్, మిషన్లకి తెచ్చిన లోన్ ఈఎంఐ అన్నీ చెప్పినాడు, అవేవీ అబద్ధాలని నేననను. చివర్లో ఒక మాటన్నాడు, "జీతాలు పెంచమంటే ఇంకో మిషన్ తెచ్చుకుంటానప్పా, అది సెలవు కూడా అడగదు."

ఈ మాట నేను చిన్నప్పుడే విన్నా. మా మేనమామది ధర్మవరం, గుంత మగ్గం మీద పట్టుచీర నేసేవాడు. మరమగ్గాల చీరలు వచ్చాక కూలి పెంచమని అడిగినప్పుడల్లా షావుకారు ఇదే చెప్పేవాడట, మర మీద సగం ధరకి వస్తుంటే నీకెందుకు పెంచాల అని. కొన్ని రకాలు చేనేత మీదే నెయ్యాలని 1985లో చట్టం కూడా చేశారు, అయినా మర మీద నేసినవి చేనేత అని అమ్ముతూనే ఉన్నారు. మామ మగ్గం ఆపలేదు, పని పోలేదు, పోయింది కూలి. అదే పని, అదే నడుంనొప్పి, ఏటికేడు చేతికొచ్చేది మాత్రం తగ్గింది. మిషన్ వస్తే పనులు పోతాయని అందరూ అంటారు గానీ పని పోకుండానే మనిషి విలువ తగ్గించేస్తారు చూడండి, మా ఇంట్లో జరిగింది అది, ఈ హోటల్లో జరుగుతోందీ అదే. నిన్న మొన్నటిదాకా ఆర్డర్లు తీసుకున్న ఇద్దరు పిల్లోళ్ళని తీసేశారట, వాళ్ళ పనిలో సగం మిషన్‌కి పోయింది, మిగతా సగం ఈ అక్కకి వచ్చింది, మిగిలిన జీతాలు ఇద్దరివీ ఎక్కడికి పోయాయో చెప్పక్కర్లేదు.

నేను మిషన్లకి వ్యతిరేకం కాదు. ముప్పై కేజీల పిండి రుబ్బే గ్రైండర్ ఉంది కాబట్టి ఎవరి భుజాలూ పడిపోవట్లేదు, గిన్నెలు కడిగే మిషన్ పెడితే ఈ అక్క వేళ్ళు బాగుపడతాయి, అది మాత్రం ఇంకా పెట్టలేదు. జీతం మిషన్ రేటుతో పోల్చి కట్టేది కాదనే నా బాధంతా. మనిషి ఇల్లు గడవడానికి ఎంత కావాలో అక్కడినుంచి లెక్క మొదలవ్వాల. జీవన వేతనం అనే మాట రాజ్యాంగం 43వ ఆర్టికల్‌లోనే ఉంది. 1957లో ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్‌లో కనీస వేతనానికి లెక్క కూడా రాసిపెట్టారు, మనిషికి రోజుకి 2,700 క్యాలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటద్దె, పొయ్యీ కరెంటూ అన్నీ కలిపి. పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్ళిళ్ళు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం చూడాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇదంతా కనీస వేతనం లెక్కే, జీవన వేతనం దానికి పైమాట. కేంద్రం వేసిన కమిటీ 2019లో ఇచ్చిన రిపోర్టులో 2018 ధరల ప్రకారమే రోజుకి 375 ఉండాలంటే, కేంద్రం మాత్రం దేశమంతా కనీసం ఇంత అని పెట్టే రేటుని 176 నుంచి 178 చేసి ఊరుకుంది. రెండు రూపాయలు.

సరే ఓనర్ గారి లెక్కతోనే చూద్దాం. రోజుకి ఆరొందల ప్లేట్లు పోతాయని ఆయనే సంతోషంగా చెప్పినాడు, నెలకి 18,000. పద్నాలుగు మందికి తలా 4,000 పెంచితే 56,000. ప్లేటుకి మూడు రూపాయల పదకొండు పైసలు. దోశ 90 నుంచి 94 చెయ్యండి, నేను తింటా, మా వీధిలో అడిగిన ఆరేడుగురూ తింటామనే అన్నారు. ఆ నాలుగు రూపాయలు వాళ్ళకే పోతున్నాయని బోర్డు మీద రాయండి, ఇంకా సంతోషంగా తింటాం.

పోయేవాళ్ళకి రెండు మూడు విషయాలు. పార్కింగ్ ఉంది, క్యాష్ కౌంటర్ లోపల ఎడమపక్కన ఉంది, నోట్లు తీసుకుంటారు, పెద్దవాళ్ళని తీసుకుపోతే మీరే ఆర్డర్ కొట్టి ఇవ్వండి. స్క్రీన్ మీద టిప్ నొక్కొద్దు, ఇవ్వాలనిపిస్తే చేతికివ్వండి. తిన్నాక ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి టేబుల్ అంచుకి జరిపితే ఆమె వంగే పని తగ్గుతుంది. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం దయచేసి ఆర్డర్ పెట్టకండి, ఆఖరి టేబుల్ లేచాకే వాళ్ళని పంపిస్తారు, ఒక్కోరోజు ఆ షేర్ ఆటోలు కూడా దొరకవంట.