కాలేయంలో మందుల పోట్లాట: ఎలుకను నమ్మాలా, కుందేలునా, మనిషి కణాలనా?

క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్న మహిళను గర్భనిరోధక మాత్రల మీదే ఆధారపడవద్దని వైద్యులు హెచ్చరిస్తారు. ఆ మందు కాలేయ కణాల్లోని పీఎక్స్‌ఆర్ అనే గ్రాహకాన్ని, అంటే మందులను గుర్తించే ప్రొటీన్‌ను, తట్టి లేపుతుంది. దాంతో సైప్3ఏ4 ఎంజైమ్ పెరిగి, మాత్రలోని హార్మోన్లను వేగంగా విచ్ఛిన్నం చేస్తుంది. కొత్త మందులో ఇలాంటి ముప్పును ముందే పసిగట్టడానికి ఏది మేలు?

ప్రయోగశాలకు అలవాటైనది ఎలుక. కానీ ఈ ఒక్క ప్రశ్నకు దాన్ని నమ్మకూడదని నేను గట్టిగా చెబుతాను. ఎలుక పీఎక్స్‌ఆర్ రిఫాంపిసిన్‌ను దాదాపు పట్టించుకోదు. పీసీఎన్ అనే స్టెరాయిడ్ ఇస్తే మాత్రం గట్టిగా స్పందిస్తుంది; మనిషి గ్రాహకం మీద ఆ స్టెరాయిడ్ ప్రభావం చాలా స్వల్పం. కలిపి వాడినా సురక్షితమని ఎలుకలో తేలిన మందుల జంట మనిషికి చేటు కావచ్చు. పైగా మగ ఎలుక కాలేయం చాలా మందులను ఆడ ఎలుక కాలేయం కన్నా వేగంగా కరిగిస్తుంది. మనుషుల్లో స్త్రీ పురుషుల మధ్య అంత తేడా ఉండదు.

కుందేలు రిఫాంపిసిన్‌కు మనిషిలాగే స్పందిస్తుంది. ఒక మందులో పోలిక కుదిరిందని మిగతావాటికీ కుదురుతుందనుకోలేం.

మనిషి పీఎక్స్‌ఆర్ జన్యువు పెట్టిన చిట్టెలుకలు 2000లో వచ్చాయి. రిఫాంపిసిన్ ఇస్తే వాటి కాలేయం మేలుకుంటుంది. అయితే మేలుకునేది చిట్టెలుక ఎంజైములే! అందుకే నా ఓటు ముందుగా పాత్రలో పెంచిన మనిషి కాలేయ కణాలకు. వాటిలో గ్రాహకమూ ఎంజైమూ రెండూ మనిషివే. పేగు, రక్తప్రసరణ, మూత్రపిండాలు లేకపోవడం వాటి లోటు. ఆ లోటు తీర్చడానికే జంతువు కావాలి.

పారాసిటమాల్ విషప్రభావం విషయంలో లెక్క మారుతుంది. ఎలుక కాలేయం దాన్ని చాలావరకు తట్టుకుంటుంది, చిట్టెలుక కాలేయం మనిషిదిలాగే దెబ్బతింటుంది. అక్కడ చిట్టెలుకే మేలు.

ఏ జంతువును ఎంచుకున్నా, దాని పంజరంలో ఏ పొట్టు పరిచారో రాసి పెట్టుకోవాలి. ఎర్ర సీడర్ వంటి మెత్తని కలప పొట్టు మీద పెరిగిన చిట్టెలుకల్లో, ఎలుకల్లో కాలేయ ఎంజైములు వాటంతట అవే పెరిగాయని 1967లోనే తేలింది. నిద్రమందు ఇస్తే అవి త్వరగా లేచేవి. మందు ఇవ్వకముందే మూడో పదార్థం ప్రయోగంలోకి వచ్చేసిందన్నమాట.